‘కుడతాను’ అన్న మాటకు ఇంగ్లీషులో ఎన్ని దారులు

ఇంగ్లీషు క్రియకు వర్తమానాన్ని తెలిపే రూపం ఉంది, భూతకాలాన్ని తెలిపే రూపం ఉంది, భవిష్యత్తును తెలిపే సొంత రూపం మాత్రం లేదు. బడిలో పన్నెండు కాలాల పట్టికను వల్లెవేసిన వారికి ఈ మాట వింతగా తోచవచ్చు గాని, ఒక్క క్రియను తీసుకొని విప్పి చూస్తే సంగతి తేటపడుతుంది. అనంతపురం సీమలోని రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టడం ఎన్నో కుటుంబాలకు బతుకుతెరువు కాబట్టి, కుట్టడమనే అర్థమిచ్చే ‘స్టిచ్’ అన్న క్రియనే ఈ ప్రసంగానికి ఉదాహరణగా పెట్టుకోవచ్చు. ఆమె రోజూ కుడుతుంది అనడానికి ‘షీ స్టిచెస్’ అంటారు, నిన్న కుట్టింది అనడానికి ‘షీ స్టిచ్డ్’ అంటారు. రెండు చోట్లా ధాతువు చివర ఒక ప్రత్యయం చేరింది. రేపు కుడుతుంది అనవలసి వచ్చేసరికి ధాతువుకు చేర్చడానికి ప్రత్యయమేదీ దొరకదు. ‘విల్’ అనే వేరొక మాటను ముందు నిలిపి ‘షీ విల్ స్టిచ్’ అనవలసిందే. ఇట్లా ప్రధాన క్రియకు ముందు నిలిచి దాని అర్థాన్ని మలిచే మాటను సహాయక క్రియ అంటారు.

‘స్టిచ్’ నియత క్రియ, అంటే భూతకాలపు రూపాన్నీ, పని పూర్తయినట్టు తెలిపే రూపాన్నీ ‘ఈడీ’ అన్న రెండక్షరాలు చేర్చడంతోనే ఏర్పరచుకొనే క్రియ; ‘గో’ పోయి ‘వెంట్’ అయినట్టు, ‘రైట్’ పోయి ‘రోట్’ అయినట్టు ఇందులో ధాతువు మారదు. ఈ నియతత్వం భూతకాలంలో విద్యార్థికి పెద్ద ఊరట గాని, భవిష్యత్తులో ఆ ఊరట అందరికీ సమానమే, ఎందుకంటే ‘విల్’ తరువాత ఏ క్రియ వచ్చినా మొదటి రూపంలోనే, ఎస్‌గాని ఈడీగాని తగలకుండా నిలుస్తుంది. తెలుగులో కుడతాను, కుడతావు, కుడతాడు, కుడుతుంది, కుడతాము, కుడతారు అని కర్తను బట్టి ఇన్ని తీరుల మారే చోట ఇంగ్లీషు ఒక్క ‘విల్ స్టిచ్’తో సరిపెట్టుకుంటుంది. ‘షీ విల్ స్టిచెస్’ అని రాసే పిల్లవాడు తెలివితక్కువవాడేమీ కాడు. కర్త మారితే క్రియ మారాలన్న తెలుగు నియమాన్ని అక్కరలేని చోట కూడా పాటించినవాడు.

‘విల్’ పుట్టుక తెలిస్తే దాని ప్రవర్తన సులభంగా బోధపడుతుంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ‘కోరు’ అని అర్థం, దాని జోడీ అయిన ‘షల్’కు ‘బాకీపడి ఉండు’ అని అర్థం. కోరికను చెప్పే మాట ఒకటీ, బాధ్యతను చెప్పే మాట ఒకటీ కాలక్రమాన రాబోయే పనికి గుర్తులయ్యాయి. ఇది ఇంగ్లీషుకే పరిమితమైన వింత కాదు. లాటిన్‌లో ‘కలిగి ఉండు’ అన్న క్రియ ఇతర క్రియల చివర అతుక్కుపోయి నేటి ఫ్రెంచి భవిష్యత్తు ప్రత్యయంగా మారింది. తెలుగులోనూ అదే అర్థమిచ్చే ‘కలుగు’ ధాతువు నుంచి వచ్చిన ‘గల’తో ‘చేయగలవాడు’, ‘రాగలరు’ వంటి భవిష్యదర్థ ప్రయోగాలు ఏర్పడ్డాయి. నేడు ‘చేయగలను’ అంటే శక్తి ఉందని అర్థం, కాని సమావేశానికి హాజరు కాగలరు, గమనించగలరు అని రాసే కార్యాలయపు లేఖల్లో ఆ పాత భవిష్యత్తు ఇంకా బతికే ఉంది. రేపు అన్నది ఎవరి చేతిలోనూ లేదు కనుక, దాన్ని చెప్పడానికి భాషలు కోరికనో బాధ్యతనో కలిమినో అరువు తెచ్చుకున్నాయని అనిపిస్తుంది.

డేనిష్ పండితుడు ఆటో యెస్పర్సన్ 1924లో వెలువరించిన వ్యాకరణ తత్త్వ గ్రంథంలో ఇంగ్లీషుకు భవిష్యత్కాలం లేదని వాదించాడు. 1985లో వెలువడిన క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్‌ల బృహద్ వ్యాకరణం కూడా రూపపరంగా భవిష్యత్తు లేదనే తేల్చింది. విశేషమేమంటే, అదే 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం ‘కుడతాను’ వంటి రూపాన్ని భవిష్యత్తు అని ఊరుకోక, భవిష్యత్తునూ అలవాటునూ కలిపి తెలిపే కాలంగా పేర్కొన్నది. పూర్వపు కావ్యభాషలో ‘చేసెదను’ అనేది రాబోయే పనికీ, ‘చేయును’ అనేది స్వభావానికీ విడిగా ఉండేవి. వ్యాకర్త చిన్నయసూరి సంప్రదాయంలో ఈ రెండోదానికి తద్ధర్మం అని పేరు, అంటే ఒక వస్తువు ధర్మాన్ని, దాని ఎప్పటి తీరును చెప్పే రూపమని. వాడుక భాషలో ఆ రెంటి పనినీ ‘చేస్తాను’ ఒక్కటే మోస్తున్నది. ‘కుడతాను’ అంటే రోజూ కుడతాననీ కావచ్చు, రేపు కుడతాననీ కావచ్చు. ఏది అన్నది పక్కనున్న ‘రోజూ’, ‘రేపు’ అన్న మాటలే తేల్చాలి.

తెలుగు విద్యార్థికి ఇంగ్లీషు భవిష్యత్తుతో వచ్చే అసలు చిక్కు ఇక్కడే ఉంది, ‘విల్’ పట్టికలో కాదు. పట్టికను పది నిమిషాల్లో నేర్వవచ్చు. అయితే ‘తా’ వినిపించిన చోటల్లా ‘విల్’ పెట్టాలని నేర్చిన పిల్లవాడు ‘రోజూ ఆరింటికి లేస్తాను’ అన్నదాన్ని ‘డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్’ అని రాస్తాడు, అది వినే ఇంగ్లీషువాడికి ఇకమీదట లేవాలని నిశ్చయించుకున్నట్టు ధ్వనిస్తుంది. అలవాటుకు ఇంగ్లీషులో మామూలు వర్తమానం చాలు: ‘ఐ గెటప్’. రాయదుర్గం కర్ణాటక సరిహద్దున ఉన్నందున అక్కడ అనేకులకు కన్నడమూ వచ్చు గాని, ఆ భాష కూడా ఈ విషయంలో ఆదుకోదు, ఎందుకంటే వాడుక కన్నడంలో ‘మాడుత్తేనె’ అన్న రూపం సరిగ్గా ‘చేస్తాను’ వలెనే అలవాటునూ భవిష్యత్తునూ కలిపి మోస్తుంది. ఆదుకొనేది బడిలో నేర్చే హిందీ. ‘కర్తా హూఁ’ అంటే చేస్తూ ఉంటాను, ‘కరూఁగా’ అంటే ఇక చేస్తాను. రెండూ విడివిడి రూపాలు. ఇంగ్లీషు ఉపాధ్యాయుడు హిందీ పాఠాన్ని సాయం తెచ్చుకోవడం మన బడుల్లో అరుదు, అది విచారించదగిన సంగతి.

కాదనే మాటలో చిక్కు ఇంకా ముదురుతుంది. ‘మాంసం తినను’ అన్న తెలుగు వాక్యంలో కాలమే లేదు. ‘తిను’ ధాతువు మీద వ్యతిరేకార్థమూ, నేను అన్న కర్తా తప్ప మరేమీ లేవు. ద్రావిడ భాషల వ్యతిరేక క్రియ పాతకాలం నుంచీ ఇట్లాగే కాలరహితంగా ఉంటూ వచ్చింది. కాని ఇంగ్లీషులో ‘ఐ డోంట్ ఈట్ మీట్’ అంటే అది తన అలవాటు కాదని చెప్పడం, ‘ఐ వోంట్ ఈట్ మీట్’ అంటే పెట్టినా తిననని భీష్మించడం. విందుకు పిలిచిన వారి ముందు రెండో వాక్యం పలికితే చెప్పదలచిన ఆచారం కాస్తా తిరస్కారమైపోతుంది.

ఈ రెండు భాషల క్రియలు ఎదురుబదురుగా నిలిచిన చరిత్రలో రాయదుర్గం సీమకు ఒక చిన్న చోటు ఉన్నది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన ప్రాంతంలో భాగమైన రాయదుర్గం, ఆ తరువాత బళ్లారి జిల్లా తాలూకాగా కొనసాగి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు ఇటు వచ్చింది. ఆ బళ్లారికి కలెక్టరుగా పనిచేసిన ఏ. డి. క్యాంబెల్ అంతకు ముందే, 1816లో, ఇంగ్లీషు అధికారుల కోసం తెలుగు వ్యాకరణాన్ని మద్రాసులో అచ్చువేయించినవాడు. దక్షిణాది భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించిన ప్రసిద్ధ వ్యాసం వెలువడింది ఆ పుస్తకంలోనే. అదే క్యాంబెల్ 1823లో జిల్లా బడుల మీద నివేదిక పంపుతూ మొత్తం 533 బడులను లెక్కించాడు. వాటిలో కన్నడం బడులు 235, తెలుగు బడులు 226, ఇంగ్లీషు బడి ఒక్కటే. ఆనాడు వ్యాకరణ పుస్తకం పట్టుకొని ‘చేస్తాను’కు అర్థమేమిటని తల పట్టుకున్నది దొరలే, తలకిందులైన ఆ పాఠమే ఇప్పుడు రాయదుర్గం పిల్లల బల్లల మీదికి వచ్చింది.

ఇక ‘స్టిచ్’ను భవిష్యత్తులో నడిపించి చూడవచ్చు. ‘షీ విల్ స్టిచ్’ అన్నది మొదటిది, సామాన్యమైనది. రెండోది ‘షీ విల్ బి స్టిచింగ్’, అంటే రేపు ఈపాటికి కుడుతూ ఉంటుంది. ఒక సమయానికి పని మధ్యలో ఉంటుందని చెప్పడం దీని పని. తెలుగు ‘కుడుతూ ఉంటుంది’కి ఇది అక్షరాలా సరిపోతుంది కాబట్టి దీని దగ్గర ఆగనక్కరలేదు.

ఆగవలసింది మూడోదాని దగ్గర. ‘షీ విల్ హావ్ స్టిచ్డ్’ అన్నప్పుడు విల్ తరువాత హావ్ అనే రెండో సహాయక క్రియా, ఆపైన పని పూర్తయినట్టు తెలిపే ఈడీ రూపమూ వచ్చాయి. నియత క్రియ నియతత్వం అక్కరకొచ్చేది భవిష్యత్తులో ఈ రూపంలోనే. రాతలో ఈడీ ఉన్నా చెవికి మాత్రం అది ‘స్టిచ్ట్’ అనే వినిపిస్తుంది, పరుష ధ్వని తరువాత ఈడీ ‘ట్’గా పలకడం ఇంగ్లీషు అలవాటు. శనివారం సాయంత్రానికల్లా వంద ప్యాంట్లు కుట్టేసి ఉంటాము అని సరుకు అడిగిన వ్యాపారికి మాట ఇచ్చేటప్పుడు ఈ రూపం కావాలి, ఎందుకంటే అక్కడ చెబుతున్నది పని జరగబోతుందని కాక, ఫలానా గడువుకు ముగిసి ఉంటుందని. ఇదే రూపానికి మరో ఉపయోగం కూడా ఉంది, అందులో భవిష్యత్తు లేశమైనా లేదు. ‘షీ విల్ హావ్ స్టిచ్డ్ ఇట్ బై నౌ’ అంటే ఈపాటికి కుట్టేసి ఉంటుంది అని ఊహించడం. తలుపు చప్పుడు విని ‘దట్ విల్ బి ద పోస్ట్‌మ్యాన్’ అంటారు. తెలుగులో పోస్టుమ్యాన్ అయ్యుంటాడు అంటారు. రెండు భాషలూ ఇప్పటి సంగతిని ఊహించడానికి రేపటి రూపాన్నే వాడుతున్నాయి. ‘విల్’ కాలాన్ని చెప్పే గుర్తు కంటే వక్త నమ్మకాన్ని చెప్పే గుర్తు అన్న యెస్పర్సన్ వాదపు ధోరణికి ఇంతకంటె మంచి సాక్ష్యం వెదకనక్కరలేదు, అది తెలుగువాడి నోటనే ఉన్నది.

నాలుగోది ‘షీ విల్ హావ్ బీన్ స్టిచింగ్’. వచ్చే ఉగాదికి ఆమె కుట్టుపని మొదలుపెట్టి పదేళ్లవుతుంది అని తెలుగు హాయిగా ఏళ్లను లెక్కపెట్టే చోట ఇంగ్లీషు నాలుగు క్రియలను గొలుసుగా కడుతుంది. పరీక్ష కాగితాల బయట ఈ రూపం కనిపించడం తక్కువ. దీనికి కేటాయించే పాఠపు గంటలో సగం అలవాటు వర్తమానానికి ఇస్తే పిల్లలకు మేలు జరుగుతుంది.

పట్టికలో చోటు దొరకక బయటే ఉండిపోయినది, మాటల్లో మాత్రం ‘విల్’తో సమానంగా వినిపించేది ‘గోయింగ్ టు’. దీని స్వభావం తెలియడానికి ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో మాత్రమే వాన పడే అనంతపురం సీమ కంటె మంచి పాఠశాల లేదు. వాన గురించి అక్కడి మాటల్లో నిశ్చయానికీ ఆశకూ ఆనవాలుకూ వేర్వేరు రూపాలున్నాయి. ‘వాన వస్తాది’ అంటే చెప్పేవాడి నమ్మకం, దానికి ఇంగ్లీషు ‘ఇట్ విల్ రెయిన్’. ఆకాశాన మబ్బు కమ్మి, గాలి తిరిగి, చీమలు గుడ్లు మోసుకొని పోతుంటే ‘వాన వచ్చేట్టుంది’ అంటారు. కళ్లముందు ఆనవాలు ఉంది కనుక ఇంగ్లీషు ఇక్కడ ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అంటుంది. అదీ ఇదీ కాక సందేహం మిగిలితే ‘వస్తుందేమో’, దానికి ‘ఇట్ మే రెయిన్’. రేడియోలో వాతావరణ సూచన వర్షాలు కురుస్తాయని తెగేసి చెప్పక, కురిసే అవకాశం ఉందనడం శ్రోతలు వింటూనే ఉంటారు. వాక్య నిర్మాణం కూడా సులువే: ఈజ్, ఆమ్, ఆర్ అన్న మూడింటిలో కర్తకు తగినది, ఆపైన ‘గోయింగ్ టు’, ఆపైన క్రియ మొదటి రూపం. ముందే తీర్మానించుకున్న పనికీ ఇదే వాడతారు. కొత్త మిషను కొనాలని అనుకొని ఉన్నవారు ‘వియ్ ఆర్ గోయింగ్ టు బై’ అంటారు. అప్పటికప్పుడు, సరే నేనే కుడతాను లెమ్మని ముందుకు వచ్చేవారు ‘ఐ విల్ స్టిచ్ ఇట్’ అంటారు.

ఏర్పాటు కూడా అయిపోయిన పనికి ఇంగ్లీషు మరో అడుగు వేసి, జరుగుతున్న వర్తమానాన్నే భవిష్యత్తుకు వాడుతుంది: ‘వియ్ ఆర్ గోయింగ్ టు బళ్లారి టుమారో’. ఈ వాక్యంలో ‘గోయింగ్ టు’ కనిపిస్తున్నా అది వెళ్లడమనే అసలు అర్థంలోనే ఉన్నది, దాని తరువాత క్రియ లేదు, ఊరి పేరు ఉంది. దీన్ని అనంతపురం మాండలికం కొలిచినట్టు పట్టుకుంటుంది, ఎందుకంటే అక్కడి ‘పోతాండాం’ అన్న మాట ‘పోతున్నాము’కు సమానం; ‘రేపు బళ్లారికి పోతాండాం’ అంటే టికెట్లో బండో కుదిరిపోయిందని అర్థం, ‘రేపు పోతాం’ అంటే ఇంకా మాట వరస. ఇంటి మాటను తప్పుల కుప్పగా చూసే పంతుళ్లు ఈ ఒక్క జంటను నల్లబల్ల మీద రాసి చూస్తే, ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక అధ్యాయం పిల్లల నోట ముందే ఉందని తెలుస్తుంది. బస్సు వేళల వంటి వాటికి ఇంగ్లీషు మామూలు వర్తమానాన్ని వాడుతుంది: ‘ద బస్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’.

‘షల్’ సంగతి కొంత చెప్పాలి. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణం, ఉత్తమ పురుషలో షల్ అంటే ఉత్త సూచన, విల్ అంటే వాగ్దానం లేదా బెదిరింపు అనీ, మిగతా పురుషల్లో ఇది తారుమారవుతుందనీ ఒక నియమం చేసింది. అది వ్యాకరణం నుంచి వ్యాకరణానికి పాకి, రెన్, మార్టిన్‌ల పుస్తకం ద్వారా 1930ల తరువాత భారతీయ బడుల్లో తిష్ఠ వేసింది. నేడు ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో అత్యధికులు అన్ని పురుషల్లోనూ విల్‌నే వాడుతున్నారు. షల్ మిగిలిన చోట్లు రెండు: చట్టాలూ ఒప్పందాలూ ఒకటి, అక్కడ అది ఇంకా పాత బాకీ అర్థంలోనే, తప్పనిసరి అన్న భావంలో ఉంది, మన రాజ్యాంగపు ఇంగ్లీషు పాఠం నిండా కనిపించేది అదే; రెండోది ఎదుటివారి అభిప్రాయం అడిగే ప్రశ్న, ‘రానా?’ అన్నదానికి ‘షల్ ఐ కమ్?’, ‘పోదామా?’ అన్నదానికి ‘షల్ వియ్ గో?’.

తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు అయాచితంగా కలిసొచ్చే చోటు ఒకటి ఉంది. ‘ఇఫ్’, ‘వెన్’ అన్న మాటలతో మొదలయ్యే ఉపవాక్యంలో, సంగతి రేపటిదే అయినా విల్ రాకూడదు: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వియ్ విల్ ప్లాంట్ గ్రౌండ్‌నట్’. ఐరోపాలోనే కొన్ని భాషలవారు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే వారి భాషలు ‘వచ్చినప్పుడు’ అన్న చోట కూడా భవిష్యత్తు రూపాన్నే కోరతాయి. తెలుగులో ‘వాన వస్తే శెనక్కాయ విత్తుతాం’ అన్నప్పుడు ‘వస్తే’లో కాలమూ లేదు, కర్త గుర్తూ లేదు, మన వ్యాకర్తలు చేదర్థకమని పిలిచిన ఈ రూపం షరతును మాత్రమే చెబుతుంది. ‘వాన వచ్చినప్పుడు’, ‘వాన వచ్చాక’ అన్నవాటిలోనైతే జరగని వానను కూడా జరిగినట్టే చెబుతాము. కనుక ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని తెలుగు పిల్లవాడు రాశాడంటే ఆ తప్పు మాతృభాష నేర్పినది కాదు, రేపటికి విల్ అని బడి నూరిపోసినది.

2020 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు. ఈ పాఠానికి అంతకంటె మంచి పరికరం లేదు. సామాన్యశాస్త్రంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుందని తెలుగు పుటలో ఉన్నప్పుడు ఇంగ్లీషు పుటలో ‘బాయిల్స్’ ఉండాలే గాని ‘విల్ బాయిల్’ ఉండకూడదు, ఎందుకంటే అది నీటి ధర్మం. ఉపాధ్యాయులు తెలుగు పుటలో ‘తా’, ‘తుంది’ కనిపించిన ప్రతి క్రియ కిందా గీత గీయించి, ఇంగ్లీషు వైపు చూడకముందే ఇది ఎప్పుడూ జరిగేదా, ఇకమీదట జరిగేదా అని పిల్లలను అడగాలి. రోజుకు ఒక పుట చాలు.